రెండు రైళ్లు ఎక్కడ కలుస్తాయి?

"ఒక రైలు 'క' అనే స్టేషను నుండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో బయలుదేరినది. అదే సమయమున 'ఖ' అనే స్టేషను నుండి..."

ఇక్కడిదాకా చదివేసరికి చాలామందికి నోరెండిపోతుంది. నా మటుకు నాకు బళ్లో చదువుకునే రోజుల్లో ఈ రెండో రైలు ఏనాడూ బయలుదేరలేదు. మొదటి రైలును చూసే నేను ప్లాట్‌ఫారం దిగి ఇంటికి వెళ్లిపోయేవాణ్ణి. అలా నడుస్తూ నడుస్తూ ఎం.ఏ. తెలుగులో తేలాను. ఇప్పుడు కాలేజీలో పిల్లలకు పద్యాలు చెప్పుకుంటున్నాను.

ఈ సంగతి నేను దాచుకున్నదేమీ లేదు. పెళ్లిపందిట్లో గానీ, నలుగురు చేరిన చోట గానీ ఎవరన్నా "మీరు తెలుగే ఎందుకు తీసుకున్నారండీ?" అని అడిగితే, "లెక్కలు రాకండీ!" అనేవాణ్ణి. అందరూ నవ్వేవారు. ఆ నవ్వు నాకూ బాగానే ఉండేది. ఇరవై ఏళ్లుగా ఆ ఒక్క ఛలోక్తి మీద కాలక్షేపం చేశానంటే అతిశయోక్తి కాదు.

దాని ఖరీదు ఎంతో మొన్న శ్రావణంలో తెలిసింది.

పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి లెక్కల పరీక్ష పేపరు తెచ్చి, నా కంటపడకుండా వాళ్లమ్మ చేత సంతకం పెట్టించుకోబోయింది. ఆవిడ దాన్ని తిన్నగా నా ముందు పెట్టింది. మార్కులు బొత్తిగా తీసికట్టుగా ఉన్నాయి. నేను కాస్త గొంతు పెంచబోయేసరికి అమ్మాయి తల వంచుకుని, "నాకు లెక్కలు రావు నాన్నా. నాది నీ పోలికే కదా!" అంది.

ఎదురుచెప్పడానికి నోరు రాలేదు. ఆస్తులు ఇవ్వలేకపోయినా పిల్లలకు మంచిమాటలు ఇచ్చామనుకుంటాం. నేను ఇచ్చిన మాట ఇదన్నమాట!

తప్పు ఎక్కడుంది?

భోజనాలయ్యాక పేపరు మళ్లీ తీసి చూశాను. ఒక చిత్రం కనిపించింది. సమీకరణం రాసి ఇచ్చి సాధించమన్న లెక్కలన్నీ పిల్ల శుభ్రంగా చేసింది. కూడికల్లోనూ భాగాహారాల్లోనూ పొరపాటు లేదు. దూరం, వేగం, కాలం అంటూ మాటల్లో ఇచ్చిన నాలుగు లెక్కల దగ్గర మాత్రం తెల్లకాగితం వదిలేసింది.

"ఇవెందుకు వదిలేశావమ్మా?"

"చివరిదాకా చదివేసరికి మొదలు మర్చిపోతాను. మళ్లీ మొదటికి వస్తాను. అంతలో బెల్లు కొడతారు."

అంటే పిల్లకు బీజగణితం వచ్చు. రానిది చదవడం. వాక్యంలోంచి సమీకరణంలోకి వెళ్లే దారి కనిపించడం లేదు. అది లెక్కల మాస్టారి పని ఎంతో, తెలుగు మాస్టారి పనీ అంతే. కాని ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆ చిక్కు విప్పింది మా ఆవిడ. వంటింట్లోంచే, "ఏమండీ, క్లాసులో పద్యం చదవగానే తాత్పర్యం చెప్పమంటారా పిల్లల్ని?" అంది.

"అదెలా చెబుతారు? ముందు ప్రతిపదార్థం చెప్పాలి. తరువాత అన్వయం కుదర్చాలి. తాత్పర్యం ఆ తరువాత సంగతి."

"మరి దీనికీ అంతేనేమో!"

అంతే! ముమ్మాటికీ అంతే. ఆ రాత్రి మేం ముగ్గురం చాప పరుచుకుని కూర్చుని, మాటల లెక్కను పద్యంలా విప్పడం మొదలుపెట్టాం. మీ ఇంట్లోనూ ఇలాంటి పేపరు ఒకటి ఎక్కడో దాగి ఉండవచ్చు గనుక, ఆ పద్ధతి ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

మొదట ప్రతిపదార్థం

'క', 'ఖ' స్టేషన్లను ముందే కొట్టేశాం. పేరు లేని ఊరికి ఏ రైలు వెళుతుంది? 'క'ను విజయవాడ చేశాం, 'ఖ'ను విశాఖపట్నం చేశాం. రైలుదారిన వాటి మధ్య దూరం 350 కిలోమీటర్లు. విజయవాడ నుండి ఒక రైలు ఉదయం 6 గంటలకు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో బయలుదేరింది. అదే వేళకు విశాఖ నుండి ఇంకో రైలు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ఎదురు వస్తోంది. రెండూ ఎప్పుడు, ఎక్కడ ఎదురవుతాయి?

ఇందులో చదువుకోవలసిన మొట్టమొదటి మాట 'గంటకు'. మన విభక్తుల పట్టికలో 'కిన్, కున్' షష్ఠీ విభక్తి ప్రత్యయాలని చిన్నప్పుడు వల్లించాం గదా. ఆ చిన్న 'కు'లోనే వేగమంతా ఉంది. "లీటరుకు అరవై రూపాయలు" అని పాలవాడు చెప్పినా, "గంటకు అరవై కిలోమీటర్లు" అని లెక్కల పుస్తకం చెప్పినా వాక్యం ఒక్కటే. మూడు లీటర్లు పోయించుకుంటే ఎంతయిందో చెప్పడానికి ఏ ఇల్లాలికీ కాగితం అక్కర్లేదు. ధరను లీటర్లతో గుణిస్తే ఖర్చు. వేగాన్ని గంటలతో గుణిస్తే దూరం. అంతకుమించి ఇందులో రహస్యం లేదు.

దూరం = వేగం × కాలం

ఈ ఒక్క సూత్రం చాలు. వేగానికి వేరే సూత్రం, కాలానికి వేరే సూత్రం కంఠతా పట్టనక్కర్లేదు. డబ్బూ ధరా తెలిస్తే పాలు ఎన్ని లీటర్లో భాగించి తెలుసుకోమా? ఇదీ అలాగే.

'గంటకు 60' అన్నంత మాత్రాన రైలు గంటసేపు నడిచిందని అర్థం కాదు. అరగంటే నడిచినా దాని వేగం గంటకు 60 కావచ్చు. 'గంటకు' వేరు, 'గంటలో' వేరు, 'గంట తరువాత' వేరు, 'గంట ఆలస్యంగా' వేరు. మొదటిది వేగం చెబుతుంది. మిగిలినవి కాలం చెబుతాయి. మా అమ్మాయి ఇన్నాళ్లూ ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టి చదువుతోంది.

ప్రతిపదార్థంలోనే కొలతలు కూడా సరిచూసుకోవాలి. వేగం గంటల్లో చెప్పి కాలం నిమిషాల్లో ఇస్తే ఏదో ఒకదాన్ని రెండోదాని భాషలోకి మార్చాలి. పదిహేను నిమిషాలంటే పావుగంట, అంటే 0.25 గంట. తొందరలో 0.15 అని రాసే పిల్లలు ఊరికొక వందమంది ఉంటారు. గంటకు వంద నిమిషాలు కావు, అరవై.

తరువాత అన్వయం

అన్వయమంటే ఏ విశేషణం ఏ విశేష్యానికో కూర్చడం. ఇక్కడ ఏ వేగం ఎవరిదో, ఏ కాలం ఎవరిదో కూర్చాలి. ఒక్కొక్క ప్రయాణికుడికి ఒక్కొక్క వరుస, వరుసకు మూడు గళ్లు: వేగం, కాలం, దూరం.

విజయవాడ రైలు: వేగం 60, కాలం తెలియదు.

విశాఖ రైలు: వేగం 80, కాలం తెలియదు. కాని రెండూ ఒకే వేళకు బయలుదేరాయి, కలిసే వేళ ఎలాగూ ఒకటే. కనుక ఇద్దరి కాలమూ ఒకటే.

ఈ తెలియని కాలానికి పేరు పెట్టాలి. "ఎక్స్ అనుకుందాం" అంది అమ్మాయి నీరసంగా. ఆ ఎక్స్ అంటేనే దానికి భయం. నాకు మన పాతవాళ్లు పెట్టిన పేరు గుర్తొచ్చింది. తెలియని రాశిని మన గణితజ్ఞులు 'యావత్తావత్' అన్నారు. 'ఎంతో అంత' అని దానికి తెలుగు. పొడిగా రాయాల్సి వస్తే 'యా' అని రాసేవారు. తెలియనివి ఇంకా ఉంటే కాలకం, నీలకం అని రంగుల పేర్లు పెట్టి 'కా', 'నీ' అనేవారు. ఎక్స్, వై, జెడ్‌లను ఈ పనికి వాడిన డెకార్ట్ గ్రంథం అచ్చయింది 1637లో. పన్నెండో శతాబ్దపు మన భాస్కరాచార్యుడి బీజగణితంలో ఈ 'యా'లూ 'కా'లూ బారులు తీరి ఉన్నాయి.

"ఎంతో అంత గంటలు అనుకో" అన్నాను. అమ్మాయి ఫక్కున నవ్వింది. "ఎంతో అంత అయితే భయమెందుకు? ఎంతో తరువాత తెలుస్తుందిగా!" అంది. బీజగణితం మొత్తానికి ఇంతకన్న మంచి నిర్వచనం నేను వినలేదు. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుని, దానికొక పేరు పెట్టి, తెలిసినవాటి పక్కన కూర్చోబెట్టడమే బీజగణితం.

ఇప్పుడు గళ్లు నిండాయి. విజయవాడ రైలు వెళ్లిన దూరం 60 యా. విశాఖ రైలు వచ్చిన దూరం 80 యా.

ఆఖరున తాత్పర్యం

తాత్పర్యమంటే ఒక్కటే ప్రశ్న: ఇందులో ఏది దేనికి సమానం? ఈ ప్రశ్న వేసుకోకుండా కలం కదపకూడదు. కలిసే క్షణానికి ఒక రైలు దారిలో కొంత తిన్నది, రెండోది మిగతాది తిన్నది. రెండూ కలిసి తిన్నది మొత్తం దారి. కనుక

60 యా + 80 యా = 350

140 యా = 350

యా = రెండున్నర.

రైళ్లు ఎనిమిదిన్నరకు ఎదురవుతాయి. మొదటి రైలు వెళ్లింది రెండున్నర అరవైలు, 150 కిలోమీటర్లు. రెండోది వచ్చింది 200. రెండూ కలిపితే 350. లెక్క సరిపోయింది.

"విజయవాడకు 150 కిలోమీటర్లలో ఏ ఊరుంది నాన్నా?" అని అడిగింది పిల్ల. ముగ్గురం టైంటేబిల్లు వెతికాం. ఆ దూరంలో ఉన్నది రాజమండ్రి!

"అమ్మమ్మ వాళ్ల ఊరే!" అని లేచి గంతేసింది. ఇన్నాళ్లూ ఏ దిక్కూ లేని చీకట్లో తిరిగిన ఆ రెండు రైళ్లు, ఆ రాత్రి గోదావరి ఒడ్డున, మా అత్తగారి ఊళ్లో కలుసుకున్నాయి. లెక్కకు జవాబంటే అంకె కాదనీ, ఒక ఊరూ ఒక వేళా అనీ నాకూ అప్పుడే తెలిసింది.

ఈ లెక్క రైళ్లతో పుట్టిందనుకునేరు! 499లో ఆర్యభటుడు రాసిన ఆర్యభటీయంలో, గణితపాదంలో దీనికి సూత్రం ఉంది. ఎదురెదురుగా వచ్చే రెండింటికి మధ్య దూరాన్ని వేగాల మొత్తంతో భాగించాలి. ఒకే దిక్కుకు పోయేవాటికి వేగాల భేదంతో భాగించాలి. అవి కలిసే కాలం వస్తుంది. 629లో దీనికి వ్యాఖ్య రాసిన మొదటి భాస్కరుడు వలభీనగరం నుండి రోజుకు ఒకటిన్నర యోజనాలు నడిచే బాటసారిని, ఎదుటి ఊరి నుండి రోజుకు ఒకటింపావు యోజనాలు నడిచే ఇంకొకరిని 18 యోజనాల దారిలో నడిపించాడు. యోజనమంటే మన ఆమడే. జవాబు ఆరున్నర రోజుల పైచిలుకు. మన తెలుగులో పదకొండో శతాబ్దపు కవి అని చెప్పుకునే పావులూరి మల్లన, మహావీరాచార్యుల గణితసారసంగ్రహాన్ని పద్యాల్లోకి దింపాడు. తెలుగుకూ లెక్కలకూ చుట్టరికం లేదని నేను ఇరవై ఏళ్లు చెప్పుకు తిరిగిన మాట ఎంత అబద్ధమో చూశారా!

పక్కింటి తాతగారి గీతలు

మర్నాడు సాయంత్రం పక్కింటి పెద్దాయన వచ్చారు. ఉద్యోగమంతా రైల్వే కంట్రోలాఫీసులో చేసి రిటైరయినవారు. అమ్మాయి మా రాత్రి లెక్క చూపించింది. ఆయన మురిసిపోయి, "తల్లీ, నేను బతుకంతా చేసింది ఈ లెక్కే!" అన్నారు.

కంట్రోలాఫీసులో ఒక పెద్ద పటం ఉంటుందట. అడ్డంగా గంటలు, నిమిషాలు. నిలువుగా స్టేషన్లు, దూరాన్ని బట్టి. ఒక్కొక్క రైలు ఒక్కొక్క వాలుగీత. వేగం ఎక్కువైతే గీత నిటారుగా లేస్తుంది. నెమ్మదైతే వాలిపోతుంది. ఆగితే అడ్డంగా సాగుతుంది. ఎదురొచ్చే రైలు గీత పైనుంచి కిందకు దిగుతుంది. రెండు గీతలు కోసుకున్నచోట రెండు రైళ్లు ఎదురవుతాయి. ఈ గీతలు ఒకప్పుడు పెన్సిలుతో గీసేవారు. ఇప్పుడు కంప్యూటర్లు గీస్తున్నాయి.

"రెండు లైన్లు ఉంటే ఎక్కడ కలిసినా భయం లేదు. ఒంటిలైను మీద ఆ రెండు గీతలూ స్టేషను దగ్గరే కోసుకోవాలి. ఒక రైలును లూపులైన్లో పెట్టి రెండోదాన్ని పంపాలి. మీ పరీక్షలో తప్పితే నాలుగు మార్కులు పోతాయి. అక్కడ అలా కాదమ్మా" అన్నారాయన. కాసేపాగి, "పైగా మీ రైలు పుట్టినప్పటినుంచీ అరవైలోనే పోతుంది. నిజం రైలు ఆగుతుంది, సాగుతుంది. మీరు చెప్పే అరవై సగటు వేగమన్నమాట" అని నవ్వారు.

జామెట్రీ బాక్సు వెంట

రెండో లెక్కకు మేం పుస్తకం తెరవనే లేదు. నిరుడు తొమ్మిదో తరగతి పరీక్ష రోజున అమ్మాయి జామెట్రీ బాక్సు మరిచిపోయి సైకిలెక్కి వెళ్లిపోయింది. నేను స్కూటరు మీద దాని వెంట పరుగెత్తాను. ఆ కథనే లెక్క చేశాం.

బడి 5 కిలోమీటర్లు. సైకిలు నిమిషానికి 200 మీటర్లు, స్కూటరు నిమిషానికి 600 మీటర్లు అనుకుందాం. బాక్సు కనబడి నేను బయలుదేరేసరికి పిల్ల వెళ్లి 15 నిమిషాలయింది.

ప్రతిపదార్థం అయింది. అన్వయం చూడండి. నేను ప్రయాణం చేసిన కాలం 'యా' నిమిషాలైతే పిల్ల ప్రయాణం చేసిన కాలం యా + 15. ముందు బయలుదేరినవారి కాలమే ఎక్కువ. పిల్లలు ఇక్కడే తలకిందులు చేస్తారు. ఆలస్యంగా బయలుదేరినవారికి పదిహేను కలిపేస్తారు!

తాత్పర్యం: పట్టుకున్న చోట ఇద్దరూ ఒకే చెట్టుకింద ఉన్నారు. కనుక ఇద్దరి దూరాలూ సమానం.

200 (యా + 15) = 600 యా

3,000 = 400 యా

యా = ఏడున్నర నిమిషాలు. దూరం ఏడున్నర ఆరువందలు, అంటే 4,500 మీటర్లు. బడికి ఇంకా అర కిలోమీటరు ఉందనగా.

"రావిచెట్టు దగ్గర పట్టుకున్నావు నాన్నా!" అంది పిల్ల. నిజమే, రావిచెట్టు అక్కడే ఉంది.

అప్పుడు మా ఆవిడ, "అదే ఇంకో రెండు నిమిషాలు వెతికి ఉంటే?" అంది. పిల్ల గబగబా వేసింది. 15 బదులు 17. యా ఎనిమిదిన్నర. దూరం 5,100 మీటర్లు. వేసి, ఆగి, "అమ్మా, బడి 5,000 మీటర్లకే ఉంది. ఈ జవాబు బడి గోడ దాటిపోయింది. అంటే నాన్న నన్ను దారిలో పట్టుకోలేడు" అంది.

ఆ మాటకు నేను వందకు వంద వేశాను. సమీకరణం దాని జవాబు అది చెబుతుంది. దానికి బడి ఎక్కడుందో తెలియదు. జవాబు వచ్చాక దాన్ని వెంటబెట్టుకుని మళ్లీ కథలోకి వెళ్లాలి. అక్కడ అది ఇమిడితేనే లెక్క అయినట్టు.

సగటు చేసే మోసం

పోయివచ్చే లెక్కల్లో ఒక గోతి ఉంది. పెద్దలమూ పడతాం. ఊరు 60 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు గంటకు 40 కిలోమీటర్ల చొప్పున వెళ్లాం. వచ్చేటప్పుడు 60 చొప్పున వచ్చాం. సగటు వేగమెంత?

"యాభై" అన్నాను నేను, మీసం మీద చెయ్యి వేసి. పిల్ల గళ్లు గీసింది. వెళ్లడానికి గంటన్నర, రావడానికి గంట. మొత్తం 120 కిలోమీటర్లు, మొత్తం రెండున్నర గంటలు. భాగిస్తే 48. యాభై కాదు!

ఎందుకు తగ్గింది? నెమ్మదిగా పోయిన దారిలో ఎక్కువసేపు ఉన్నాం కనుక. సగటు వేగమంటే మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించగా వచ్చేది. రెండు వేగాలను కలిపి సగం చేస్తే అది రాదు. రెండు వేగాలతోనూ ఒకే కాలం పోయినప్పుడు మాత్రమే సగం చేసినా సరిపోతుంది.

వంతెన మీద, నది మీద

రాజమండ్రి లెక్క తరువాత పిల్లకు గోదావరి వంతెన మీద మనసు పోయింది. రోడ్డూ రైలూ కలిసిన ఆ వంతెన 1974లో వచ్చింది. మన లెక్కకోసం రైలు పోయే వంతెన పొడవు 2,700 మీటర్లు అనుకుందాం. రైలు పొడవు 300 మీటర్లు, వేగం గంటకు 54 కిలోమీటర్లు. దాటడానికి ఎంతసేపు?

ఇక్కడ 'దాటడం' అన్న క్రియను జాగ్రత్తగా చదవాలి. ఇంజను అవతలి ఒడ్డు తాకితే దాటినట్టు కాదు. గార్డు పెట్టె కూడా వంతెన దిగాలి. కనుక ఇంజను నడవవలసింది 2,700 + 300, మొత్తం 3,000 మీటర్లు. గంటకు 54 కిలోమీటర్లంటే 3,600 సెకన్లకు 54,000 మీటర్లు, సెకనుకు 15 మీటర్లు. 3,000ను 15తో భాగిస్తే 200 సెకన్లు, అంటే 3 నిమిషాల 20 సెకన్లు.

ఇక నది. ఒక లాంచీ ఏటికి ఎదురు 36 కిలోమీటర్లు పోవడానికి 3 గంటలు పట్టింది. వాలున తిరిగిరావడానికి 2 గంటలే పట్టింది. లాంచీ వేగమెంత? నీటి వేగమెంత? తెలియనివి రెండు. లాంచీ 'యా', నీరు 'నీ' అనుకుందాం. ఎదురు పోతున్నప్పుడు నీరు వెనక్కు లాగుతుంది: యా - నీ = 12. వాలున వస్తున్నప్పుడు ముందుకు తోస్తుంది: యా + నీ = 18. రెండూ కలిపితే నీరు కొట్టుకుపోతుంది. రెండు 'యా'లు 30. లాంచీ గంటకు 15 కిలోమీటర్లు, నీరు గంటకు 3 కిలోమీటర్లు.

ఇంటిల్లిపాదికీ మూడు లెక్కలు

మీ పిల్లల చేత ఇవి చేయించండి. ముందు మీరు చేసి చూసుకుంటే మరీ మంచిది.

1. అన్న గంటకు 4 కిలోమీటర్లు నడుస్తాడు. తమ్ముడు గంటకు 6 కిలోమీటర్లు నడుస్తాడు. అన్న బయలుదేరిన గంట తరువాత తమ్ముడు అదే దారిన బయలుదేరాడు. తమ్ముడు ఎంతసేపటికి, ఎంత దూరంలో అన్నను అందుకుంటాడు?

2. గంటకు 4 కిలోమీటర్ల చొప్పున నడిస్తే బడికి 10 నిమిషాలు ఆలస్యమవుతుంది. 5 కిలోమీటర్ల చొప్పున నడిస్తే 5 నిమిషాలు ముందే చేరతాం. బడి ఎంత దూరం?

3. 240 మీటర్ల రైలు ఒక స్తంభాన్ని 12 సెకన్లలో దాటింది. అదే వేగంతో 360 మీటర్ల వంతెనను ఎన్ని సెకన్లలో దాటుతుంది?

జవాబులు: 1. తమ్ముడు నడిచిన రెండు గంటలకు, 12 కిలోమీటర్లలో. 2. 5 కిలోమీటర్లు. (రెండు కాలాలకూ తేడా పావుగంట. అదే ఇందులో తాత్పర్యం.) 3. 30 సెకన్లలో.

జవాబు కుదరకపోతే సమీకరణాన్ని తిట్టకండి. మళ్లీ మొదటి వాక్యానికి వెళ్లి ప్రతిపదార్థం చెప్పుకోండి. తప్పు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

తరువాతి పరీక్షలో మా అమ్మాయికి తారాజువ్వల్లా మార్కులు వచ్చాయని రాస్తే కథ బాగుంటుంది గాని, అలా జరగలేదు. నాలుగు మాటల లెక్కల్లో మూడు చేసింది. రెండు సరిగ్గా వచ్చాయి. మూడోదాంట్లో ఆలస్యాన్ని తప్పు గడిలో కలిపింది. నాలుగోదానికి బెల్లు కొట్టారు. కాని ఒక్కటీ తెల్లకాగితంగా లేదు. నాలుగోదానికి కూడా గళ్లు గీసి, 'యా' రాసి వదిలిపెట్టింది. ఆ పేపరు ఈసారి తిన్నగా నా దగ్గరికే తెచ్చింది.

మొన్న మా బంధువుల ఇంట పెళ్లికి వెళ్లాం. భోజనాల దగ్గర ఎవరో కొత్తాయన, "తెలుగే ఎందుకు తీసుకున్నారండీ?" అని అడిగారు. అలవాటు చొప్పున నోట్లోకి ఆ పాత ఛలోక్తి వచ్చేసింది. ఎదుటి బంతిలో పెరుగన్నం కలుపుకుంటూ మా అమ్మాయి తలెత్తి నా వంక చూసింది.

"తెలుగంటే ఇష్టమండీ" అన్నాను. "లెక్కలు ఈమధ్యనే నేర్చుకుంటున్నాను."